నూకరాజు బాబాయి చేతిలో రెండో తాడు

తల తిరగడం ఆగిపోయింది కాబట్టి ఇప్పుడు స్థిమితంగా కూర్చుని రాయగలుగుతున్నాను. రెండేళ్ళ కిందట అయితే కాగితం మీదికి వంగి మళ్ళీ తల ఎత్తేసరికి గోడలన్నీ బయల్దేరేవి. నాలాగే ఎత్తుకి ఎక్కి పనిచేసేవాళ్ళు, ఒంట్లో బాగాలేకపోయినా నాలాగే నోరు కుట్టేసుకుని తిరుగుతున్నవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. అదొక్కటే కారణం అంటే అబద్ధమవుతుంది. నూకరాజు బాబాయి గురించి ఎక్కడో ఒకచోట రాసి పెట్టాలని కూడా ఉంది.

నా పేరు సింహాచలం. మాది భీమిలి పక్కన చిన్న ఊరు. పదో తరగతి అయ్యాక భిలాయి వచ్చి ఉక్కు కర్మాగారంలో ఖలాసీగా చేరాను. ఖలాసీ అంటే బరువులు ఎత్తేవాడు, దింపేవాడు, మిగతావాళ్ళు కింద నిలబడి మెడలు సారించి చూసే చోటికి ఎక్కేవాడు. చిమ్నీ కానీ, గ్యాసు పైపు కానీ, లైటు టవరు కానీ, ఎత్తు పని అంటే మా గ్యాంగులో ముందు నా పేరే వచ్చేది. దానికి నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. ఇప్పుడు దాచుకుని ప్రయోజనం లేదు.

ఆ పని నాకు నేర్పినవాడు నూకరాజు బాబాయి. రక్తసంబంధం ఏమీ లేదు, ఊరి వరస. కుర్రతనంలో తెరచాప ఓడల మీద పనిచేశాడు. గాలి తిరిగినప్పుడల్లా చాప సర్దడానికి తెరచాప కొయ్య ఎక్కేవాడట. ఓడ జానెడు ఊగితే కొయ్య కొస బారెడు ఊగుతుందని చెప్పేవాడు. ఆ సరుకు ఓడలు మూలపడ్డాక పొట్ట చేత పట్టుకుని భిలాయి వచ్చాడు. సముద్రమే లేని ఊళ్ళో, ఓడ మీద నేర్చుకున్న జాగ్రత్తలన్నీ మాకు నూరిపోశాడు.

ఆ జాగ్రత్తలు ఒకటీ రెండూ కావు. పలకకి తాళ్ళు కట్టిన కుర్చీలో మమ్మల్ని పైకి లాగేవాళ్ళు. ఆ కుర్చీని మోకాలి ఎత్తులో ఆపి, అందులో కూర్చుని గట్టిగా ఎగిరి ఊగితే తప్ప పైకి పంపేవాడు కాదు. తెగితే ఇక్కడే తెగాలి అనేవాడు. తాడుకీ కుర్చీకీ మధ్య కొక్కెం ఉండకూడదు, తాడే ముడి వెయ్యాలి. పానా, సుత్తి మణికట్టుకి కట్టుకోవాలి. ఎక్కినవాడి కింద ఎవరూ నిలబడకూడదు, పెద్ద ఆఫీసరైనా సరే. అన్నిటికన్నా ముఖ్యం రెండో తాడు. కుర్చీ తాడు ఇద్దరు లాగుతారు. నడుముకి కట్టిన రెండో తాడు మాత్రం టవరు మీది కప్పీ మీంచి కిందికి దిగి, కింద ఇనుప స్తంభానికి ఒక చుట్టు తిరిగి, బాబాయి చేతుల్లోకి వెళ్ళేది. ఆ తాడు ఆయన ఎవరికీ ఇచ్చేవాడు కాదు. చేతులకి తొడుగులు వేసుకోమంటే ఒప్పుకునేవాడు కాదు, తొడుగు ఉంటే పైనున్నవాడి సంగతి అరచేతికి తెలియదనేవాడు. మొదటిసారి చిమ్నీ ఎక్కినప్పుడు నాకు చెప్పిన మాట ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"కిందకి సూడకురా. కిందేటుంది? నానే ఉన్నాను. నన్నెప్పుడైనా సూడొచ్చు. పైకి సూడు. తల తిరిగినట్టుంటే ఇంకా పైకి సూడు. అదే సద్దుకుంటాది."

పాతికేళ్ళు ఆ మాట పట్టుకునే ఎక్కాను.

తొంభై అయిదు, జూలై. పొద్దుటి షిఫ్టు దిగి రుఆబాంధాలో మా క్వార్టరుకి వచ్చి, పప్పుచారుతో అన్నం తిని మంచం మీద వాలాను. కుడివైపు ఒత్తిగిల్లగానే గది లేచి తిరిగింది. ఎండలో కళ్ళు తిరగడం నాకు తెలుసు, ఇది అది కాదు. ఫ్యాను ఆగి ఉంది, దాని చుట్టూ ఇంటికప్పు గిర్రున తిరుగుతోంది. మంచం పట్టెని రెండు చేతులా వాటేసుకున్నాను. చిమ్నీ అంచున కూర్చుని బీడీ కాల్చినవాణ్ణి, అడుగున్నర ఎత్తు మంచం మీంచి పడిపోతానని వణికిపోయాను. అర నిమిషంలో అంతా సర్దుకుంది. ఆ తర్వాత తిన్నదంతా కక్కేశాను.

"ఏటయింది మావా?" అని మా ఆవిడ పైడమ్మ పరిగెత్తుకొచ్చింది.

"పైత్యం" అన్నాను. అల్లం రసం ఇచ్చింది, తాగాను.

ఎత్తు పని చేసేవాళ్ళకి ఏడాదికోసారి డాక్టరు పరీక్ష ఉంటుంది. పనికొస్తాడని కాగితం రాసిస్తేనే ఎక్కనిస్తారు. తల తిరుగుతోందన్నవాడికి ఆ కాగితం రాదు. అయినా నా భయం కాగితం గురించి కాదు. మా గ్యాంగులో ఎవడైనా పైన కళ్ళు తిరిగాయని దిగొస్తే, వెనకాల ఒక్క మాట అనేవాళ్ళు: "డర్ గయా". వాడు భయపడ్డాడని. ఆ మాట నేనూ ఇద్దరు ముగ్గురి గురించి నవ్వుతూ అన్నాను. ఇప్పుడు నా గురించి అంటారు, అది బాబాయి వింటాడు. అదీ నా భయం.

ఆగస్టు, సెప్టెంబరు అలాగే గడిపాను. ఇంట్లో కుడివైపు పడుకోవడం మానేశాను. గూట్లోంచి ఏదైనా తియ్యాలంటే మా అమ్మాయి సుజాతని పిలిచేవాణ్ణి. అది అప్పుడు ఎనిమిదో తరగతి. భిలాయిలో పుట్టిన పిల్ల, తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్తుంది. ఓ రోజు నేను వరండా గోడ పట్టుకుని నిలబడితే చూసి, "పాపా, దీవార్ నహీ, ఆప్ హిల్ రహే హో" అంది. గోడ కదలడం లేదు, నువ్వే ఊగుతున్నావు అని. వాళ్ళమ్మకి చెప్పొద్దని బతిమాలాను.

పని దగ్గర ఇంకో రకం. నిచ్చెన ఎక్కుతున్నంతసేపూ బాగానే ఉండేది. పైకెళ్ళి తల ఎత్తగానే మొదలయ్యేది. మొదలవగానే బాబాయి చెప్పిన మందు వేసేవాణ్ణి, ఇంకా పైకి చూసేవాణ్ణి. అది ఇంకా ఎక్కువయ్యేది. నాకు ఏ అనుమానమూ రాలేదు. ఇన్నేళ్ళూ నన్ను కాపాడిన మాట తప్పవుతుందని ఎలా అనుకుంటాను? నేనే సరిగ్గా చూడడం లేదనుకుని మెడ మరింత వెనక్కి విరిచి, ఆకాశంలోకి గుడ్లప్పగించి చూసేవాణ్ణి. ఇంత మూర్ఖత్వం మా ఖలాసీలకి తప్ప ఇంకొకరికి సాధ్యం కాదు. మామూలు మనిషి అయితే, పైకి చూస్తే తల తిరుగుతోందని తెలిశాక పైకి చూడడం మానేస్తాడు.

అక్టోబరు, దసరా వెళ్ళిన వారం. యార్డులో లైటు టవరు మీద, లైటు బిగించే దిమ్మె తుప్పుపట్టింది, దాన్ని మార్చాలి. పొద్దున్న పది గంటలు, గాలి కూడా లేదు. మోకాలి ఎత్తులో ఊగి చూసుకున్నాను, పైకి లాగారు. పైకి చేరాక బెల్టు కొక్కెం ఒక కడ్డీ నుంచి తీసి, ఇంకా పై కడ్డీకి తగిలించాలి. ఆ కడ్డీ ఎక్కడుందో చూద్దామని తల బాగా వెనక్కి వంచాను.

టవరు నా మీదికి ఒరిగింది. ఒరిగినట్టు అనిపించింది అని ఇప్పుడు రాస్తున్నాను కానీ, అప్పుడు అది నిజంగానే కూలుతోంది. కిందివాళ్ళని పారిపొమ్మని కేకెయ్యాలనుకున్నాను. కేక రాలేదు. దాన్ని ఆపడానికి రెండు చేతులూ చాచాను. బెల్టు కొక్కెం ఇంకా చేతిలోనే ఉంది, ఎక్కడా తగిలించలేదు. పట్టు వదిలేసిన మనిషిని కుర్చీ ఎంతసేపు ఉంచుకుంటుంది? జారిపోయాను.

రెండు నిలువుల లోతు పడ్డాక నడుము దగ్గర తెగిపోయినంత నొప్పి. ఆగాను. తలకిందులుగానో, నిలువుగానో తెలియకుండా గాలిలో వేలాడుతున్నాను. కళ్ళు మూసుకున్నా ప్రపంచం తిరుగుతూనే ఉంది. అప్పుడు తాడు మెల్లగా కదిలింది. జానెడు దింపి ఆగడం, మళ్ళీ జానెడు దింపడం. ఆ ఆగిన ప్రతిసారీ ఆయన అక్కడున్నాడని తెలిసేది. నా జీవితంలో అంత భయమూ, అంత ధైర్యమూ ఒకే నిమిషంలో ఎప్పుడూ ఎరగను.

స్తంభం చుట్టూ వేసిన ఆ చుట్టే నన్ను బతికించిందని తర్వాత ఇంజనీరు అన్నాడు. చుట్టు ఉంది నిజమే, చుట్టుకి ఇవతల రెండు చేతులు కూడా ఉన్నాయి. నేను పడ్డ విసురుకి తాడు ఆ అరచేతుల్లోంచే జారింది. తోలు ఊడొచ్చినా ఆయన వదల్లేదు. ఎవరో అందుకోబోతే మోచేత్తో నెట్టేశాడట.

నేల మీద పడుకోబెట్టాక నా హెల్మెట్ తీసి మొహంలోకి చూశాడు. ఏమయిందని అడగలేదు.

"ఎన్నాళ్ళ నుంచిరా?" అన్నాడు.

"జూలై నుంచి" అన్నాను.

తల ఊపాడు. నా చొక్కా మీద రక్తం కనబడితే నాదే అనుకున్నాను. ఆయన చేతులు చూశాక నాది కాదని తెలిసింది.

ఆసుపత్రి రోజులు. మా టౌన్‌షిప్ పెద్దాసుపత్రిలో బెంచీలన్నీ నాకు పరిచయమయ్యాయి. గుండె చూశారు, కళ్ళు చూశారు, రక్తపోటు చూశారు, మెడకి ఎక్స్‌రే తీశారు. ఒక్కొక్క గది ముందు ఒక పూట. నాకు ఒక పక్క పైడమ్మ, ఇంకో పక్క రెండు చేతులకీ కట్లతో బాబాయి. చూసేవాళ్ళు రోగి ఆయనే అనుకుని ఆయనకి చోటిచ్చేవాళ్ళు. ఓ రోజు బెంచీ మీదే వాంతి చేసుకున్నాను. సిగ్గుతో చచ్చిపోయాను. పక్కనున్న ఛత్తీస్‌గఢీ ముసలమ్మ, నందిని గనుల వైపు నుంచి వచ్చిందట, తన కొంగు తడిపి నా మొహం తుడిచి, నంబరు పిలిస్తే తనకి బదులు నన్ను లోపలికి పంపింది. ఆవిడ పేరు కూడా అడగలేదు. ఆ చెయ్యి చల్లగా ఉందని మాత్రం గుర్తుంది.

పైడమ్మ అప్పటికి వారం రోజులై నాతో మాట్లాడడం లేదు. అన్నం పెట్టేది, చెయ్యి పట్టుకుని నడిపించేది, మాట మాత్రం లేదు. ఆ బెంచీ మీదే ఒక్కసారిగా అంది.

"నాకు సెప్పనేదు, సరే. ఇంట్లో ఉన్నదాన్ని, నాకేటి తెలస్తాది అనుకున్నావు. తాడట్టుకున్నోడికి సెప్పొద్దేటి మావా? నువ్వు పడితే ఆడి మీద పడతావు గానీ నా మీద పడవు గదా!"

బాబాయి వినీ విననట్టు గోడకేసి చూస్తూ కూర్చున్నాడు. పాతికేళ్ళుగా నా ప్రాణం నాది, పణం పెడితే నేనే పెట్టుకుంటున్నాను అనుకున్నాను. తాడు చివర ఉన్న మనిషి లెక్కలోకే రాలేదు. ఆవిడ నాలుగు మాటల్లో నా కళ్ళు తెరిపించింది. పైడమ్మకి ముక్కు మీద కోపం అని ఎగతాళి చేసేవాణ్ణి, ఆ రోజు నుంచి మానేశాను.

చివరికి చెవి, ముక్కు డాక్టరు దగ్గర తేలింది. చిన్న వయసు డాక్టరమ్మ, హిందీ మనిషి. ఎప్పుడెప్పుడు తిరుగుతుంది అని అడిగింది. కుడివైపు పడుకుంటే, పైకి చూస్తే అన్నాను. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, తల కుడికి తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టింది. గది బయల్దేరింది. ఆవిడ నా కళ్ళలోకి చూస్తూ "మిల్ గయా" అంది. దొరికింది అని.

లోపలి చెవిలో ఇసుక రేణువుల్లాంటివి ఉంటాయట. వాటి చోటు తప్పి ఇంకో చోటికి దొర్లాయట. తల వెనక్కి వంచినప్పుడల్లా అవి కదిలి, మనిషి తిరుగుతున్నాడని మెదడుకి అబద్ధం చెప్తాయట. గుండె జబ్బు కాదు, మెదడు జబ్బు కాదు, భయం అసలే కాదు. ఆ చివరి మాట ఆవిడ ఏమీ అనుకోకుండానే అంది. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

బాబాయి గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "పైకి సూస్తేనా అమ్మా?" అని అడిగాడు. పైడమ్మ హిందీలో తిరగేసి చెప్పింది. డాక్టరమ్మ అవునంది, పైకి చూడడమే ఈ జబ్బుకి అన్నిటికన్నా చెడ్డదంది. బాబాయి మొహం వాడిపోయింది.

నవంబరు నుంచి జనవరి దాకా. మందులు పెద్దగా లేవు. ఆవిడ నేర్పిన కసరత్తు చెయ్యాలి. మంచం అంచున కూర్చుని, తల ఓ పక్కకి తిప్పి, రెండో పక్కకి ఒరిగిపోవాలి, ముప్పై లెక్కపెట్టేదాకా అలాగే ఉండాలి. లేచి కూర్చుని మళ్ళీ ముప్పై. తర్వాత ఇంకో వైపు. రోజుకి మూడుసార్లు. చెప్పడానికి తేలికే. కావాలని తల తిరిగే వైపే పడుకోవడం అంటే, పడతానని తెలిసి దూకడమే. మూడో రోజుకి నావల్ల కాదని మానేశాను.

నాలుగో రోజు సాయంత్రం బాబాయి వచ్చాడు. పవర్ హౌస్ బజారులో కొన్న జామకాయల సంచీ పైడమ్మకిచ్చి, నా మంచం పక్కన స్టూలు వేసుక్కూర్చున్నాడు. చేతుల కట్లు విప్పారు కానీ అరచేతులు ఇంకా ఎర్రగా, కొత్త చర్మంతో ఉన్నాయి. ఆ చేతుల మధ్య నా తల పట్టుకున్నాడు.

"ఒరగరా. నానున్నాను."

ఒరిగాను. గది గిర్రున తిరుగుతోంది. ఆ రెండు చేతులు మాత్రం తిరగడం లేదు. ఆయన ఒకటి అనడు, ధాన్యం కొలిచేవాళ్ళలా "లాభం" అని మొదలుపెట్టి, రెండు, మూడు అంటూ నింపాదిగా ముప్పై దాకా వెళ్ళేవాడు. సుజాతకి అది విని నవ్వాగేది కాదు. చివరికి అదీ "లాభం" దగ్గర్నుంచి లెక్కపెట్టడం నేర్చుకుంది. పొద్దున్నపూట ఆయన డ్యూటీలో ఉంటే నా తల పట్టుకునే పని దానిదే.

మూడు నెలలు ఒక్క సాయంత్రం తప్పకుండా వచ్చాడు. సైకిలు మీద, చలిలో, తలకి తువ్వాలు చుట్టుకుని. నేను మాత్రం దాన్ని నా బుద్ధి కొద్దీ అర్థం చేసుకున్నాను. తన చేతుల్లో తయారైన మనిషిని మళ్ళీ పైకి ఎక్కించాలని పట్టుదల అనుకున్నాను. ఆయనకి ఇంకో ఏడాది సర్వీసుంది. ఆ ఏడాదీ నా తాడు పట్టుకునే దిగిపోవాలని ఆశేమో అనుకున్నాను. అందుకని నేను కూడా ఎక్కాలనే అనుకున్నాను. నా కోసం రాలిన చర్మానికి బదులు అదొక్కటే ఇవ్వగలను అనిపించింది. జనవరి వచ్చేసరికి తిరగడం దాదాపు పోయింది. కుడివైపు పడుకుని నిద్రపోయిన మధ్యాహ్నం లేచి పిల్లాడిలా సంబరపడ్డాను.

ఫిబ్రవరి. ఎత్తు పని కాగితం కోసం డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాల్సిన రోజు. పొద్దున్న గూట్లోంచి పౌడరు డబ్బా తీద్దామని తలెత్తాను. గోడ చిన్నగా, మర్యాదగా ఒక్కసారి కదిలి ఆగిపోయింది. రెప్పపాటు. పైడమ్మ స్టవ్వు దగ్గర ఉంది. చూసిందో లేదో తెలియదు. టీ గ్లాసు నా చేతికిచ్చి, గ్లాసు వదలకుండా ఓ క్షణం పట్టుకుని ఉంది.

డాక్టరమ్మ నన్ను బల్ల మీద పడుకోబెట్టి లేపింది. ఏమీ రాలేదు. సంతోషించింది. పెన్ను తీసి, ఇది మళ్ళీ రాదని నేను రాసివ్వలేను, ఈమధ్య ఒక్కసారి కూడా రాలేదని మీరు చెప్తే మాత్రం ఆలోచిస్తాను అంది. పెన్ను మొన కాగితం మీదే ఉంది. ఒక్క "నహీ" చాలు. టవరు, చిమ్నీ, నా పేరు, పైనుంచి చూస్తే మారోడా చెరువు దాకా కనిపించే ఊరు, అన్నీ నాకు తిరిగొస్తాయి. బయట బెంచీ మీద బాబాయి కూర్చున్నాడు. ఆయన చేతులు గుర్తొచ్చాయి.

"ఈ పొద్దున్న వచ్చింది" అన్నాను హిందీలో.

ఆవిడ నా వైపు కాసేపు చూసి, రాయాల్సింది రాసింది. ఇక ఎప్పటికీ ఎత్తు పని వద్దని.

బయటికొచ్చాను. బాబాయి లేచి నిలబడ్డాడు.

"ఏటి రాసింది?"

"ఎక్కకూడదని రాసింది బాబాయి. పొద్దున్న మళ్ళీ వచ్చింది. నేనే చెప్పేశాను. తప్పు చేశానా?"

ఆయన బెంచీ మీద కూలబడ్డాడు. తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. మనసు కష్టపెట్టాను కాబోలని పక్కన కూర్చున్నాను. చూస్తే భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. రెండూ అనుకుంటాను.

"బతికిపోనాను రా" అన్నాడు తువ్వాలులోంచి. "ఆ రోజు కాణ్ణించి నిన్ను తలుసుకుని తాడట్టుకుంటే సేతులు ఒణికిపోతన్నాయి. మిగిల్నోళ్ళు ఎక్కితే ఒణకవు. నీకే. పైకి సూడమని నానే గదా సెప్పినాను. నువ్వు మళ్ళీ ఎక్కుతానంటే ఏటిరా దేవుడా అని ఒకటే గుబులు."

ఓడ కొయ్యలు ఎక్కిన మనిషి, నా తాడు ముట్టుకోవడానికి భయపడ్డాడు. మూడు నెలలూ నా తల పట్టుకుని ముప్పై లెక్కపెట్టిన మనిషి, ఆ భయాన్ని మింగుకుని లెక్కపెట్టాడు.

"మరి నాకు ఒక్క మాట చెప్పొచ్చు కదా బాబాయి!"

"నువ్వు సెప్పినావేటి?"

పక్కన మందుల చీటీలు పట్టుకుని జనం వెళ్తున్నారు. నేనే మళ్ళీ అడిగాను.

"సరే, నేను అబద్ధం చెప్పి కాగితం రాయించుకుని, రేపు టవరు ఎక్కుతానని వస్తే ఏం చేసేవాడివి?"

తువ్వాలు తీసి, ఇదేం ప్రశ్న అన్నట్టు నా మొహంలోకి చూశాడు.

"ఏటి సేస్తాను? తాడట్టుకుందును."